అక్కాచెల్లెళ్ళలా ఉన్నారే!

మా హాస్టల్ గదికి ఎవరొచ్చినా ఒకటే మాట అనేవారు: "అక్కాచెల్లెళ్ళలా ఉన్నారే మీరిద్దరూ!" మెస్‌లో వడ్డించే ఆమె అంది. వార్డెన్ అంది. నా రూమ్మేట్ వాళ్ళమ్మ ఊరినుంచి ఆవకాయ జాడీ మోసుకుని మొదటిసారి వచ్చినప్పుడు అంది. అందరూ అభిమానంగానే అన్నారు. మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం. ఆ మాట మాకు ఎంత అండో అప్పట్లోనే తెలుసు. ఆ మాట చాటున మేము ఎంతగా కనపడకుండా పోతున్నామో మాత్రం, నవ్వకండి, జపాన్ కార్టూన్లు చూస్తే గానీ తెలియలేదు.

2018 నాటి సంగతి ఇది. నేను హైదరాబాదులో స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేస్తున్నాను. తను వేరే శాఖ. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో అనిమే చూసేవాళ్ళం. అనిమే అంటే జపాన్‌లో తయారయ్యే యానిమేషన్. మనకి బొమ్మల సినిమా అంటే పిల్లలదే అన్న అభిప్రాయం ఉంది. అక్కడ ఆఫీసు ఉద్యోగుల మీద, వంట మీద, యుద్ధం మీద, చావు మీద కూడా అవి వస్తాయి. అందులో స్త్రీల మధ్య ప్రేమని చెప్పే పాయని 'యురి' అంటారు. యురి అంటే లిల్లీ పువ్వు. పురుష స్వలింగ ప్రేమికుల కోసం వచ్చే 'బరజొకు' అనే పత్రిక ('గులాబీ జాతి' అని అర్థం) సంపాదకుడు ఇతో బుంగకు, 1976లో స్త్రీ పాఠకులకి ఒక శీర్షిక పెడుతూ వాళ్ళని 'లిల్లీ జాతి' అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది. స్త్రీలకి పేరు పెట్టే పని అక్కడ కూడా ఒక మగాయన చేతుల మీదుగానే జరగడం గమనించదగ్గ విషయం.

2018 ఈ పాయకి మంచి సంవత్సరం. జనవరిలో 'సిట్రస్', ఏప్రిల్‌లో 'లిజ్ అండ్ ద బ్లూ బర్డ్', జూన్‌లో 'కాసె-సాన్ అండ్ మార్నింగ్ గ్లోరీస్', జూలైలో 'రెవ్యూ స్టార్‌లైట్', అక్టోబరులో 'బ్లూమ్ ఇంటూ యూ'. ఈ అయిదింటినీ ఒక అభిమానిగా చూశాను. అభిమానం ఉన్నచోట విమర్శ ఉండకూడదని ఎవరూ అనలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఒకసారి ఒక సెమినార్‌కి దీనిమీద పత్రం రాస్తానంటే, "సాహిత్యం చదివి కార్టూన్లేమిటమ్మా" అని ఒక పెద్దాయన తీసిపారేశారు. ఆ పత్రంలో చెప్పాలనుకున్నదీ, అప్పుడు చెప్పలేకపోయిందీ, రెండూ ఇందులో ఉన్నాయి.

*

ముందు కొంచెం చరిత్ర. 1899లో జపాన్ ప్రభుత్వం బాలికల ఉన్నత పాఠశాలల మీద ఒక ఆదేశం తెచ్చింది. ఆ చదువు లక్ష్యం 'మంచి భార్య, వివేకవతి అయిన తల్లి'ని తయారుచెయ్యడం. మన సంస్కరణోద్యమం స్త్రీ విద్య గురించి చెప్పిన మాటలు గుర్తున్నవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. అయితే ఆడపిల్లలందర్నీ ఒకచోట చేర్చాక, చేర్చినవాళ్ళు ఊహించనిదొకటి జరిగింది. ఆ పిల్లలు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. పై తరగతి అమ్మాయీ కింది తరగతి అమ్మాయీ జంట కట్టడం, ఉత్తరాలు రాసుకోవడం, కానుకలిచ్చుకోవడం. దీన్ని 'ఎస్' అనేవారు. 'ఎస్' అంటే సిస్టర్. అక్కడ కూడా అక్కాచెల్లెళ్ళే!

ఆ లోకాన్ని సాహిత్యంలోకి తెచ్చిన రచయిత్రి యోషియా నొబుకో (1896–1973). 1916 నుంచి ఆమె పత్రికలో రాసిన 'హన మొనొగతరి' ('పూల కథలు') తరాల తరబడి ఆడపిల్లలు చదివారు. సమాజం ఆ ప్రేమల్ని సహించింది, కాని రెండు షరతుల మీద. ఒకటి, అవి అక్కాచెల్లెళ్ళ ప్రేమలుగా కనిపించాలి. రెండు, చదువు పూర్తవడంతో ముగిసిపోవాలి. బడి గేటు దాటగానే పెళ్ళి. ఆ తర్వాత అదంతా ఒక తీపి జ్ఞాపకం. షరతు మీరితే ఏమయ్యేదో 1911లో తెలిసింది. చదువు ముగించిన ఇద్దరు యువతులు నీగత ప్రాంతంలో కలిసి సముద్రంలో పడి చనిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. మన పేపర్ల జిల్లా పేజీల్లో 'ప్రాణ స్నేహితురాళ్ళ ఆత్మహత్య' అనే శీర్షిక కనిపించినప్పుడల్లా నాకు ఆ సముద్రం గుర్తొస్తుంది.

యోషియా మాత్రం రెండో షరతుని లెక్కచెయ్యలేదు. 1923లో పరిచయమైన మొన్మ చియోతో యాభై ఏళ్ళు కలిసి బతికింది. మరి మొదటి షరతు? ఇద్దరు స్త్రీల కాపురాన్ని చట్టం గుర్తించదు కాబట్టి, 1957లో ఆమె తన సహచరిని కూతురుగా దత్తత తీసుకుంది. తన తర్వాత ఇల్లూ హక్కులూ ఆమెకి చెందాలంటే వేరే దారి లేదు. ప్రియురాలు చట్టం దృష్టిలో కూతురైంది.

ఇలా వరస మార్చడం ఈ చరిత్రలో పదేపదే జరుగుతుంది. 1994లో వచ్చిన 'సెయిలర్ మూన్ ఎస్' లో హరుక, మిచిరు ప్రేమికులు. దాన్ని ఇంగ్లీషులోకి డబ్ చేసినవాళ్ళు వాళ్ళిద్దర్నీ కజిన్లని చేసేశారు. మాటలు మార్చారు గానీ చూపులు మార్చలేకపోయారు. 2004లో అనిమేగా వచ్చిన 'మరియా-సమ గ మితెరు' లో సీనియర్ అమ్మాయి జూనియర్‌కి జపమాల ఇచ్చి చెల్లెలిగా స్వీకరిస్తుంది. అంతదూరం ఎందుకు, దీపా మెహతా 'ఫైర్' లో ఇద్దరూ తోటికోడళ్ళు. 1998 డిసెంబరులో థియేటర్ల మీద దాడి చేసినవాళ్ళ కోపంలో సగం, ఆ వరస చెడినందుకే.

కాబట్టి 2018 నాటి ఈ అయిదు కథల్నీ నేను రెండు ప్రశ్నలతో చూస్తాను. ఈ అమ్మాయిలు అక్కాచెల్లెళ్ళుగా కాకుండా కనపడగలిగారా? బడి గేటు దాటగలిగారా?

*

'సిట్రస్' మొదటి ప్రశ్నని నెత్తికెత్తుకుని బోర్లాపడిన కథ. సబురోత మాంగా ఆధారంగా తీసిన ఈ పన్నెండు భాగాల సీరియల్లో యుజు అనే అమ్మాయి, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోవడంతో ఒక కట్టుదిట్టమైన బాలికల బడిలో చేరుతుంది. అక్కడి విద్యార్థి సంఘం అధ్యక్షురాలు మెయ్, ఇంటికొచ్చి చూస్తే, సవతి చెల్లెలు. మెయ్‌ని ఒక మగ టీచరు ముద్దుపెట్టుకోవడం యుజు చూస్తుంది. అతను మెయ్‌కి కుదిర్చిన వరుడు, అతని కన్ను ఆస్తి మీద. ఆ సంగతి యుజు అడిగేసరికి మెయ్ ఆమెని పడదోసి బలవంతంగా ముద్దుపెడుతుంది.

మేమిద్దరం మొదటిసారి పోట్లాడుకున్నది ఈ సీను మీదే. "పాపం, ఆ పిల్లకి నేర్పినదే అది కదే" అంది తను. నిజమే. తాతగారి బడికి వారసురాలు మెయ్. ఆమె శరీరం పెద్దల బేరంలో ఒక వస్తువు. ముద్దంటే అధికారం అనే ఆమెకి తెలుసు. కథ ఈ దారిన పోయి ఉంటే గొప్పగా ఉండేది. పోలేదు. కెమెరా ఆ బలవంతాన్ని చూసి ముచ్చటపడింది. తెలుగు సినిమా హీరో అమ్మాయి చెయ్యి పట్టి లాగితే వ్యాసాలు రాసిన మనం, ఇక్కడ లాగింది ఆడపిల్ల కదా అని ఊరుకోగలమా? స్త్రీల ప్రేమకి తెరమీద చోటు దొరకడమే గొప్ప అన్న కృతజ్ఞతతో, ఆ చోటు ఏ ధరకి దొరికిందో అడగడం మానేస్తే అది మనల్ని మనం మోసగించుకోవడమే. నేను ఇదంతా ఆవేశంగా చెప్తే తను, "నీకు సిద్ధాంతం ముందు, మనుషులు తర్వాత" అంది. ఆ మాటలో కొంత నిజముందని ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

అయినా 'సిట్రస్' ని పూర్తిగా తోసెయ్యలేను. మంచి అక్కగా ఉండాలని యుజు పడే తాపత్రయం ఉత్తది కాదు. తల్లి ఇద్దర్నీ చూసి, నా పిల్లలు కలిసిపోయారని మురిసిపోతుంటే, ఆ మురిపెం ముందు యుజు నోరు పెగలదు. ఆవకాయ జాడీ ముందు మా నోళ్ళు పెగలనట్టే.

*

'రెవ్యూ స్టార్‌లైట్' చూడ్డానికి వింతగా ఉంటుంది. నాటక శిక్షణ ఇచ్చే బాలికల పాఠశాల, దాని అడుగున రహస్య రంగస్థలం, అక్కడ కత్తులతో తలపడే అమ్మాయిలు, పోటీ నడిపించే మాట్లాడే జిరాఫీ. గెలిచినమ్మాయి అగ్రతార. ఓడినవాళ్ళు తమలోని వెలుగు పోగొట్టుకుంటారు. తరుకవ కథలా అనిపించే దీని వెనక ఒక నిజమైన సంస్థ నీడ ఉంది, తకరజుక. కొబయషి ఇచిజో అనే రైల్వే వ్యాపారి 1913లో స్థాపించిన ఆ నాటక సంస్థలో మగ పాత్రలూ స్త్రీలే వేస్తారు. ప్రేక్షకుల్లో ఎక్కువమంది స్త్రీలు. ఎంత పెద్ద నటి అయినా అక్కడ ఆమెని 'విద్యార్థిని' అనే అంటారు, పెళ్ళి చేసుకుంటే సంస్థ విడిచి వెళ్ళాలి. అంటే తకరజుక ఒక పెద్ద బాలికల బడి. ఎస్ ప్రేమల షరతే దాని షరతు కూడా.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ప్రధాన జంట కరెన్, హికరి కాదు. నన అనే పొడుగాటి అమ్మాయి. అందరికీ వండిపెట్టే, అందర్నీ కనిపెట్టుకునుండే అమ్మాయి. పోటీలో గెలిచిన ప్రతిసారీ ఆమె కోరుకున్నది ఒకటే, గడిచిన సంవత్సరం మళ్ళీ మొదలవ్వాలని. అందరూ కలిసున్న ఆ ఒక్క ఏడాదినే ఎన్నిసార్లో తిప్పి తిప్పి బతుకుతూ ఉంది. ఏడో భాగంలో ఇది బయటపడుతుంది. చదువు అయిపోవడం అంటే ఏమిటో తెలిసిన ఆడపిల్ల తప్ప ఇంకెవరూ ఇలాంటి వరం కోరుకోరు. ఆ రాత్రి మేము లెక్కవేసుకున్నాం. నాకు ఫెలోషిప్ ఇంకా ఏడాదిన్నర. తనకి థీసిస్ సమర్పించడానికి ఆరు నెలలు. "పొడిగింపు అడుగు" అన్నాను. "నాన్న ఊరుకోరు" అంది.

ఆ బడి పిల్లలు ప్రదర్శించే నాటకం విషాదాంతం. నక్షత్రం కోసం గోపురమెక్కిన ఇద్దరమ్మాయిలు శాశ్వతంగా విడిపోతారు. చివరికి కరెన్, ఆ ముగింపు అలాగే ఎందుకుండాలి అని అడిగి, దాన్ని మార్చేస్తుంది. జిరాఫీ ప్రేక్షకుల వైపు తిరిగి, ఇదంతా కోరుకున్నది మీరే కదా అన్నట్టు మాట్లాడుతుంది. నిజమే కదా. రెండు పువ్వులు రాలిపోతే కంటతడి పెట్టడం మనకి ఇష్టం. అవి కాయలు కాసి, ముదిరి, నడుం నొప్పితో బజారుకెళ్ళి కూరలు తెచ్చుకుంటే చూడ్డం మనకి రాదు.

ఈ సీరియల్ నడుస్తుండగానే, సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 377వ సెక్షన్ మీద తీర్పిచ్చింది. పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. క్యాంపస్‌లో మిత్రులు స్వీట్లు పంచారు. మేమూ తిన్నాం. గదికొచ్చాక ఇద్దరం దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడితే, మేము ఏమిటో చెప్పుకోవాల్సి వచ్చేది. తన ఫోన్‌లో ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న పంపిన ఒక అబ్బాయి ఫోటో ఉంది. మాలాంటి ఆడపిల్లల మీదికి ఎప్పుడూ పోలీసులు రాలేదు. సంబంధాలు వచ్చాయి.

*

'బ్లూమ్ ఇంటూ యూ' ఈ అయిదింటిలో శ్రేష్ఠమైనదని నా అభిప్రాయం. నకతని నియో మాంగాని కతో మకోతో దర్శకత్వంలో పదమూడు భాగాలుగా తీశారు. అక్టోబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా వారం వారం ఎదురుచూసి చూశాం.

యూ అనే అమ్మాయికి ప్రేమ పాటలంటే ఇష్టం. కాని పాటల్లో చెప్పే ఆ కంపం తనలో కలగదు. ఒకబ్బాయి ప్రేమిస్తున్నానంటే ఏం చెప్పాలో తెలీక నెల్లాళ్ళు నానుస్తుంది. తొకో అనే సీనియర్ ఆమె చెయ్యి పట్టుకుని, వద్దని చెప్పే ధైర్యమిస్తుంది. ఇచ్చి, నేను నిన్ను ప్రేమిస్తానేమో అంటుంది. యూ ఎవర్నీ ప్రేమించలేదు గనకే తొకోకి ఆమె నచ్చింది. అందుకే ఒక విచిత్రమైన ఒప్పందం పెడుతుంది. నేను నిన్ను ప్రేమిస్తాను, నువ్వు మాత్రం నన్ను ప్రేమించకు.

ఎందుకు? తొకో తను కాదు కాబట్టి. చిన్నప్పుడు అక్క మియొ ప్రమాదంలో చనిపోయింది. అందరూ మెచ్చిన ఆ అక్కలా మాట్లాడుతూ, అక్కలా నవ్వుతూ, అక్క చేసిన పదవులే చేస్తూ బతుకుతోంది. ఎవరైనా ప్రేమిస్తే ఆ వేషాన్ని ప్రేమించినట్టు. వేషం లేని తననైతే తనే భరించలేదు. గమనించండి, ఇక్కడ 'అక్క' అన్న మాట ఎటు తిరిగిందో. వందేళ్ళుగా ప్రేమని కప్పడానికి వాడిన మాటని, ఈ కథ ఒక ఆడపిల్ల తొడుక్కుని ఊపిరాడక అవస్థపడే చొక్కాగా చూపించింది. నాకు తెలిసి ఈ పాయలో అక్కరికాన్ని ఇంత సూటిగా ప్రశ్నించిన కథ ఇంకోటి లేదు.

కథలో కథగా విద్యార్థి సంఘం ఒక నాటకం తయారుచేస్తుంది. జ్ఞాపకం పోయిన ఒకమ్మాయికి ముగ్గురొచ్చి మూడు రకాలుగా 'నువ్విలా ఉండేదానివి' అని చెప్తారు. మొదట రాసిన ముగింపులో ఆమె ప్రేమించిన మనిషి చెప్పిన రూపాన్ని ఎంచుకుంటుంది. అది చాలదని యూకి అనిపిస్తుంది. రచయిత్రి అయిన స్నేహితురాలిని కూర్చోబెట్టుకుని ముగింపు మార్పిస్తుంది. కొత్త ముగింపులో ఆ అమ్మాయి మూడింటిలో దేన్నీ ఎంచుకోదు. ఇప్పటి తనతోనే ముందుకెళ్తుంది. స్త్రీల ఆత్మకథలు చదివి నేను అయిదేళ్ళు కుస్తీపట్టిన విషయాన్ని పదహారేళ్ళ పిల్లలు ఒక ఆసుపత్రి గదిలో తేల్చేశారు.

లోపాలు లేవని కాదు. రైల్వే గేటు దగ్గర తొకో మొదటిసారి ముద్దుపెట్టినప్పుడు అడగదు. కాని 'సిట్రస్' లా కాక, ఈ కథ ఆ క్షణాన్ని యూ వైపునుంచి చూస్తుంది. ఆమెకి సంతోషమూ కలగదు, అసహ్యమూ కలగదు. ఏమీ కలగలేదేమిటి అన్న దిగులు కలుగుతుంది. ప్రేమ కలగకపోవడాన్ని కూడా ఒక అనుభవంగా గౌరవించడం ఎంత అరుదు!

రెండో ప్రశ్నకి జవాబు ఏడో భాగంలో ఉంది. తొకోని మౌనంగా ప్రేమించే సయక అనే అమ్మాయికి ఒక పాత గాయం. మిడిల్ స్కూల్లో ఒక సీనియర్ తనే వచ్చి ప్రేమించానంది. సయక నిజంగా ప్రేమలో పడ్డాక, అదంతా ఆ వయసు సరదా, ఇక మామూలుగా ఉందాం అని తప్పుకుంది. తప్పుకుంటూ, నిన్నూ ఇందులోకి దింపినందుకు క్షమించు అన్నట్టు మాట్లాడింది. ఎస్ ప్రేమల నీతి మొత్తం ఆ సీనియర్ నోట్లో ఉంది. కాని కథ అక్కడ ఆగదు. సయక వెళ్ళే కాఫీ హోటల్ యజమాని మియకొ, వాళ్ళ బడి టీచరు రికొ, ఇద్దరూ కలిసి ఉంటున్న జంట. సయక ధైర్యం చేసి అడిగితే మియకొ దాచదు. అంతే. ఉపన్యాసం లేదు. ఒక పెద్దామె కాఫీ కలుపుతూ అవునంటుంది. బడి గేటు అవతల కూడా ఆడవాళ్ళు బతుకుతున్నారనీ, అద్దె కట్టుకుంటున్నారనీ ఒక పదహారేళ్ళ పిల్లకి తెలుస్తుంది.

ఆ సీనియర్ మాటల దగ్గర తను లాప్‌టాప్ ఆపేసింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తను, "మనకి మియకొ లాంటి వాళ్ళు ఎవరైనా తెలుసా?" అంది. తెలియదు. అంత పెద్ద నగరంలో, అన్ని స్త్రీవాద సభలకి వెళ్ళిన నాకు, కలిసి వయసు మళ్ళిన ఇద్దరు తెలుగు స్త్రీలు ఒక్క జంట తెలియదు. ఉండే ఉంటారు. అక్కాచెల్లెళ్ళలా ఉండి ఉంటారు.

చివరి భాగం డిసెంబరు 28న వచ్చింది. తొకో రైల్లో నిద్రపోతుంటే, దిగి బండి మారాలని యూ లేపుతుంది. అక్కడితో ఆపేశారు. మాంగా 2019లో ముగిసింది. అందులో ఆ ఇద్దరూ ఎక్కడికి చేరారో చదువుకోవచ్చు. అప్పటికి మా గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

*

సంక్రాంతికి ఊరెళ్ళిన తనకి నిశ్చితార్థం చేశారు. ఫిబ్రవరిలో వచ్చి గది ఖాళీ చేసింది. పెళ్ళిలో వాళ్ళమ్మ నన్ను పీటల వెనక నిలబెట్టి, చేతికి తలంబ్రాల పళ్ళెమిచ్చి, చూడ్డానికొచ్చినవాళ్ళకి చెప్పింది: "మా అమ్మాయికి అక్కలాంటిది."

మిగతా రెండు సినిమాలూ 2018లో విడుదలైనా, మాకు అందుబాటులోకి ఆలస్యంగా వచ్చాయి. రెండూ ఒక్కదాన్నే చూశాను.

'లిజ్ అండ్ ద బ్లూ బర్డ్' దర్శకురాలు యమద నవోకో, రచన యోషిద రెయికో. తొంభై నిమిషాల్లో జరిగేది చాలా తక్కువ. బడి సంగీత బృందంలో ఓబో వాయించే మిజొరె, ఫ్లూట్ వాయించే నొజొమి. మిజొరెకి నొజొమే ప్రపంచం. నొజొమికి స్నేహితులు చాలామంది. సినిమా ఇద్దరి అడుగుల చప్పుడుతో మొదలవుతుంది. ముందు ఒకరు, వెనక ఒకరు. అడుగులు కలవవు. వాళ్ళు వాయించాల్సిన సంగీతం వెనక ఒక కథ ఉంది. ఒంటరి లిజ్ దగ్గరికి అమ్మాయి రూపంలో ఒక నీలిపిట్ట వస్తుంది. పిట్ట ఎగరాలని తెలిసి లిజ్ దాన్ని పంపేస్తుంది. పంపెయ్యడం ఎలా సాధ్యం అని మిజొరె మథనపడుతుంది. తను లిజ్ అనుకుంటుంది కాబట్టి. మెల్లగా తెలుస్తుంది, రెక్కలున్నది తనకేనని. తన ప్రతిభని అణుచుకుని నొజొమి వెనకే నడుస్తోందని. ఆ ఎరుకతో ఆమె ఓబో వాయించే సీనులో నొజొమి ఫ్లూట్ తడబడుతుంది. తర్వాత మిజొరె ఆమెని కౌగలించుకుని, నీ నవ్వు ఇష్టం, నీ నడక ఇష్టం అంటూ అన్నీ చెప్తుంది. నొజొమి చెప్పేది ఒకటే, నీ ఓబో అంటే ఇష్టమని.

ఇది ప్రేమా, స్నేహమా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏడ్రియన్ రిచ్ 1980లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, స్త్రీలు స్త్రీలతో ముడిపడే అనుభవాలన్నిటినీ ఒకే కొనసాగింపుగా చూడమంది. ఆ చూపు ఇక్కడ పనికొస్తుంది. అయితే నా సందేహం వేరు. ఇద్దరూ చివరికి వేరే చదువులకి వెళ్తారు. ఇదీ ఎస్ కథలాగే విడిపోయే కథే కదా? ఆలోచిస్తే, కాదు. ఎస్ కథలో ఆడపిల్లల్ని విడదీసేది పెళ్ళి. ఇక్కడ విడదీసేది పని. ఒకరికి సంగీతం, ఇంకొకరికి మరో చదువు. ఎవరి నడక వాళ్ళది అయ్యాకే ఆఖర్లో ఇద్దరి అడుగులూ కాసేపు కలుస్తాయి. సినిమా మొదట్లో తెరమీద పడిన 'డిస్‌జాయింట్' అన్న మాటలో, చివర్లో 'డిస్' ని కొట్టేస్తారు. ఎడబాటు అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదని ఈ సినిమా నాకు నేర్పింది. ఆ బొమ్మలకి రూపమిచ్చిన నిషియ ఫుతొషి, 2019 జూలై 18న క్యోతో యానిమేషన్ స్టూడియోని ఒక దుండగుడు తగలబెట్టినప్పుడు చనిపోయిన 36 మందిలో ఒకరు. ఆ వార్త చదివాకే నేను సినిమా చూశాను. మిజొరె వేళ్ళు జుట్టులోకి పోయినప్పుడల్లా ఆ వేళ్ళు గీసిన చేతులు గుర్తొచ్చాయి.

'కాసె-సాన్' గంట సినిమా. విమర్శకులకి పని తక్కువ కల్పించే సినిమా. మొక్కలకి నీళ్ళుపోసే యమద, పరుగుపందేల కాసె. కథ మొదలయ్యేసరికే ఇద్దరూ ప్రేమికులు. చావుల్లేవు, బలవంతాల్లేవు, అక్కరికాల్లేవు. దగ్గరికి రావాలంటే ఉన్న భయం గురించి ఇద్దరూ మాట్లాడుకుంటారు. కాసెకి తోక్యోలో క్రీడా విశ్వవిద్యాలయం. యమద ఊళ్ళోనే చదవాలనుకుంటుంది. వీడ్కోలు చెప్పాల్సిన రోజున యమద పరుగెత్తుకుంటూ స్టేషన్‌కొచ్చి రైలెక్కేస్తుంది. నేనూ తోక్యో వస్తాను అంటుంది.

నేను ఏడ్చాను. తేలికపాటి కథ, తేలికపాటి ముగింపు, ఇన్ని సిద్ధాంతాలు చదివి దీనికి ఏడవడమేమిటి అని సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు సిగ్గు లేదు. అంత చిన్న విషయం, రైలెక్కడం, నా చదువులో ఎక్కడా ఎదురుకాలేదు. నేను చదివిన ఏ తెలుగు కథలోనూ ఒకమ్మాయి ఇంకో అమ్మాయి కోసం బండెక్కలేదు.

*

ఇక్కడ మన సాహిత్యం గురించి ఒక మాట అనక తప్పదు. స్త్రీవాదం నాకిచ్చిన గొప్ప మాట 'సోదరీత్వం'. ఓల్గా 'విముక్త' లో సీతా శూర్పణఖా కలుసుకునే 'సమాగమం' కథ చదివినప్పుడు, మగవాళ్ళ యుద్ధం శత్రువుల్ని చేసిన ఇద్దరు స్త్రీలు ఒకరి మాట ఒకరు వినడం చూసి పొంగిపోయాను. ఆ పొంగు ఇప్పటికీ ఉంది. కాని, సోదరీత్వం కూడా ఒక చుట్టరికమే కదా? మన భాషలో టీ కొట్టతన్ని అన్నా అంటాం, కూరలమ్మే ఆమెని అక్కా అంటాం. వరస కలపకుండా మనకి మాట రాదు. స్త్రీవాదులం కూడా వరస కలిపే మాట్లాడుకున్నాం. ఒక స్త్రీని ఇంకో స్త్రీ కోరుకుంటే, ఆ మనిషికి మనం ఏ వరసా ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి ఆమె మన సభల్లో కూడా అక్కగానో చెల్లిగానో కూర్చుంది. నేను అలాగే కూర్చున్నాను. ఇది నింద కాదు. ఈ పత్రిక చదివేవాళ్ళు నా వాళ్ళే కాబట్టి అడుగుతున్నాను.

చట్టం కూడా ఇంకా వరసల దగ్గరే ఆగి ఉంది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. జపాన్‌లో 2024 మార్చిలో సప్పొరో హైకోర్టు, గుర్తించకపోవడం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తీర్పు విన్నప్పుడు నాకు యోషియా, ఆమె 'కూతురు' గుర్తొచ్చారు.

ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు తనకి పంపాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. తన సంసారం తనది, దాని గురించి నేను రాయను. పేరు లేదు, ఊరు లేదు, ఇంకేమైనా తీసెయ్యాలంటే తీసేస్తానన్నాను. రెండు రోజులకి జవాబొచ్చింది. ఏమీ తియ్యక్కర్లేదంది. ఒక్కచోట తప్పు రాశావంది. "ఆ సీనియర్ సీన్ దగ్గర ఆపింది నేను కాదు, నువ్వు. ఆపి, రేపు చూద్దాంలే, నిద్రొస్తోంది అన్నావు. మియకొ గురించి నేను అడిగింది ఆ మర్నాడు. నువ్వు అప్పుడు కూడా ఏమీ అనలేదు."

ఇన్నేళ్ళూ రైలెక్కనిది తనే అనుకున్నాను. ఆ భాగాన్ని మళ్ళీ చూశాను, ఎక్కడ ఆపానో గుర్తొస్తుందేమోనని. గుర్తు రాలేదు. అందుకని పైన రాసింది దిద్దకుండా అలాగే ఉంచి, తను చెప్పింది కూడా దాని పక్కన పెడుతున్నాను.